పచ్చికూరల పెళ్ళిచూపులు

కాబోయే మామగారిని నడి గోదావరిలో, ఏరు దాటించే పంటు నిండా జనం చూస్తుండగా, "చంపేశాను బాబోయ్" అని తల బాదుకునేలా చేసిన పెళ్ళికొడుకుని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే. ఇంత ఘనకార్యానికి నేను కత్తి పట్టలేదు, నీళ్ళలోకి దూకలేదు. కూరగాయ ముక్కలు తిన్నాను, అంతే. ఎవరి సలహా వినకుండా నా సొంత తెలివితేటలతో తిన్నాను. తెలివితేటలు అన్నందుకు నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

సంగతి రెండువేల ఏడు నాటిది. నాకప్పుడు ముప్ఫై ఒకటి. భీమవరం దగ్గర మా ఊళ్ళో రొయ్యల చెరువులు చూసుకుంటూ ఉండేవాణ్ణి. బరువు నూట నలభై ఆరు కిలోలు. మామూలు మిషన్ ఆ అంకె చెప్పలేక చేతులెత్తేస్తే, రైస్‌మిల్లులో ధాన్యం బస్తాల కాటా ఎక్కించి తూచారు. మా వైపు బాగా తినేవాడంటే గౌరవమే. పెళ్ళి భోజనాల్లో నా పక్క కుర్చీకి పోటీ ఉండేది, వడ్డించేవాళ్ళు నా దగ్గరే ఎక్కువసేపు ఆగేవారు కదా మరి. ఆ గౌరవం పెళ్ళిచూపుల్లో మాత్రం చెల్లలేదు. పంతొమ్మిది సంబంధాలు చూశాం. పంతొమ్మిది మంది అమ్మాయిలూ నన్ను ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళారు, మళ్ళీ బయటికి రాలేదు.

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, పైన షుగరు. ఇక లాభం లేదని హైదరాబాదు వెళ్ళి పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. అన్నేళ్ళుగా ప్రేమగా పెంచుకున్న పొట్టసంచిని కత్తిరించి టీ కప్పంత చేసి పంపించారు. తర్వాత నాలుగు నెలలు జావ, మెత్తగా నలిపిన పప్పన్నం, గుజ్జుగా ఉడికిన సొరకాయ. ముప్ఫై ఎనిమిది కిలోలు తగ్గాను. నాలుగో నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మగారు ఇలా చెప్పారు.

"ఇక మెల్లిగా పచ్చి కూరగాయలు అలవాటు చేసుకోవచ్చండి. ముందు చెక్కు తీసిన కీరా, గోరంత ముక్క. ముప్ఫై సార్లు నమలాలి. గుజ్జయ్యాకే మింగాలి. మూడు రోజులు చూసి, ఏ ఇబ్బందీ లేకపోతే ఇంకో రకం. క్యారెట్ తురుముకునే తినాలి. ముల్లంగి, పచ్చి బీట్‌రూట్ జోలికి ఇప్పట్లో వెళ్ళకండి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. గుర్తుంటుందా?"

"ఎందుకుండదండీ" అన్నాను.

నిజంగానే అంతా గుర్తుంది. చూశారుగా, ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. పాటించాలన్న సంగతి ఒక్కటే మర్చిపోయాను.

ఆపరేషన్ విషయం నాకు, మా అమ్మకి, మా మేనమామకి తప్ప ఇంకెవరికీ తెలియదు. "కడుపు కోయించుకున్నాడని తెలిస్తే పిల్లనెవరిస్తార్రా బాబ్జీ" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా, మావాడు హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసొచ్చాడని చెప్పింది. ముప్ఫై ఎనిమిది కిలోలు తగ్గించే ఆ కంప్యూటర్ కోర్సు ఎక్కడ చెబుతారని మా వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి వాకబు చేశారు.

అప్పుడొచ్చింది ఇరవయ్యో సంబంధం. గోదావరికి అవతల సఖినేటిపల్లి దగ్గర కొబ్బరి తోటలున్న రంగరాజు గారి ఏకైక కుమార్తె, పేరు పద్మజ. చూపులు నరసాపురంలో వాళ్ళ బంధువుల ఇంట్లో ఏర్పాటు చేశారు. ఏమైనా అడగమ్మా అని పెద్దవాళ్ళంటే, ఆ అమ్మాయి నా వైపు చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"రొయ్యలు నిద్రపోతాయాండి?"

"తెలీదండి. నేనెప్పుడూ వాటిని అడగలేదు" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. లోపలికి వెళ్ళలేదు, అక్కడే కూర్చుని నవ్వింది. నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలి, లేకపోతే జన్మంతా చెరువు గట్టు మీదే ఉండిపోవాలి అని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. అంత గట్టిగా నేను అంతకుముందు కోరుకున్నవన్నీ విస్తట్లో వడ్డించేవే.

ఇంతలో రంగరాజు గారు మా మామయ్యని అడిగారు. "అబ్బాయిగారు ఇదివరకు కొంచెం లావుండేవారని విన్నామండి. ఎలా తగ్గారేంటి?"

రంగరాజు గారికి ప్రకృతి ఆహారం పిచ్చి ఉందని, ఆరేళ్ళుగా వాళ్ళింట్లో పొయ్యి వెలగడమే అరుదని మామయ్య ముందే కూపీ లాగి పెట్టుకున్నాడు. అందుకే రెప్ప వెయ్యకుండా అనేశాడు.

"పచ్చికూరలండి! ఒట్టి పచ్చికూరలు. పొయ్యెక్కిన కూర మావాడు కన్నెత్తి చూడడండి."

రంగరాజు గారు లేచి నిలబడ్డారు. వచ్చి నన్ను కావలించుకున్నారు. "నిప్పు తగిలిన కూర చచ్చిన కూరేనండి. ఈ మాట నేను చెబితే ఊళ్ళో అందరూ నవ్వుతారు. ఇన్నాళ్ళకి నా మనిషి దొరికాడు. వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. మా పద్ధతిలో, నా పక్కన కూర్చుని తినండి. ఆ తర్వాత తాంబూలాలు ఎప్పుడో మాట్లాడుకుందాం" అన్నారు.

బయటికి రాగానే మామయ్యని పట్టుకున్నాను.

"ఏంటి మామయ్యా ఆ కోతలు?"

"కోతలేంట్రా? డాక్టరమ్మ నిన్ను పచ్చికూరలు తినమందా లేదా?"

"గోరంత ముక్క తినమంది!"

"తినమంది కదా. మరి నేనాడిన అబద్ధమేంటి?"

"ఆదివారం ఆయన పక్కన కూర్చుని నేనేం తింటాను?"

"ఎనిమిది రోజులున్నాయిరా. ప్రాక్టీసు చెయ్యి."

ఇక్కడ బుద్ధున్న వాడెవడైనా డాక్టరమ్మగారికి ఫోన్ చేస్తాడు. నేను రొయ్యల రైతుని. మా చెరువుల్లో మేత ఎంత వెయ్యాలో చెప్పేది చెక్ ట్రే. పళ్ళెంలా ఉండే చిన్న వలలో కాస్త మేత వేసి నీళ్ళలోకి దించుతాం. రెండు గంటలాగి పైకి తీస్తాం. ఖాళీ అయిపోతే రొయ్య బాగా తింటోందని మర్నాడు మేత పెంచుతాం, మిగిలితే తగ్గిస్తాం. లక్షల రొయ్యల కడుపులు ఈ పద్ధతిలో చూసుకున్నవాణ్ణి, నా ఒక్క కడుపు చూసుకోలేనా అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను కూడా.

సోమవారం రెండు కీరా చక్రాలు తిని చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండు గంటలు గడిచాయి. నొప్పి లేదు, వాంతి లేదు. ట్రే ఖాళీ! మంగళవారం నాలుగు. బుధవారం క్యారెట్ తురుము. గురువారం తురమడం కూడా ఎందుకని క్యారెట్ ముక్కలు. శుక్రవారం అమ్మ వరండాలోకి వచ్చి నా వాలకం చూసింది.

"ఏంట్రా, అలా గడియారం వంక చూస్తూ కూర్చున్నావు?"

"మేత చూసుకుంటున్నానమ్మా."

"చెరువు దగ్గర చూసుకోవాలిగానీ, వరండాలో ఏంటి?"

"ఇది లోపలి చెరువమ్మా."

"నాకేదో భయంగా ఉందిరా. ఒక్కసారి ఆ డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి."

"ఎందుకమ్మా, ట్రే ఖాళీ అవుతోంటే!"

నేను చూసుకోనిది ఒకటుంది. ఇంట్లో ఒక్కో ముక్కనీ పావుగంట నమిలేవాణ్ణి. నా నోరు నాది, నా వరండా నాది, పలకరించేవాడు లేడు. పెళ్ళివారింట్లో తినేటప్పుడు ఎవరైనా మాట్లాడతారేమోనన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆదివారం వచ్చింది. నేనూ మామయ్యా నరసాపురం రేవులో పంటెక్కి అవతలికి దాటాం. మామయ్య పొద్దున్న టిఫిన్ కూడా మానేశాడు. "ఆయన తినేవి ఆయన తింటారు. మనలాంటి వాళ్ళకి చేపల పులుసు పెట్టకపోతారా" అని మామయ్య ధీమా.

విస్తళ్ళ ముందు కూర్చున్నాం. చూస్తే మామయ్య విస్తట్లోనూ, నా విస్తట్లోనూ తేడా లేదు. క్యారెట్ కడ్డీలు, కీరా చక్రాలు, మొలకెత్తిన పెసలు, కొబ్బరి ముక్కలు, ముల్లంగి, మధ్యలో రూపాయి బిళ్ళల్లా తరిగిన పచ్చి బీట్‌రూట్. అన్నం లేదు. మామయ్య విస్తరి అంచు ఎత్తి, అరిటాకు కింద కూడా ఓసారి చూసుకున్నాడు.

గుమ్మం దగ్గర పద్మజ నిలబడి ఉంది. నేను ధైర్యం చెప్పుకుని ఒక కీరా ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

"చెరువులు ఎన్నెకరాలండి బాబ్జీ గారూ?" అన్నారు రంగరాజు గారు.

మా ఇళ్ళల్లో పెంపకం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెద్దవాళ్ళు అడిగితే వెంటనే జవాబు చెప్పాలి. నోట్లో ముద్ద పెట్టుకుని చెప్పకూడదు. ఈ రెండింటికీ ఒకటే దారి. గుటుక్కున మింగేశాను.

"పన్నెండండి."

క్యారెట్ అందుకున్నాను. ఒకటి, రెండు.

"ఈసారి వైరస్ ఏమైనా తగిలిందాండి?"

గుటుక్కు. "లేదండి."

"ఉప్పు శాతం ఎంతుంటుందండి మీ నీళ్ళల్లో?"

గుటుక్కు. "చెరువుని బట్టి ఉంటుందండి."

ఆయన దృష్టిలో అది మర్యాద. అతిథి పక్కన మౌనంగా కూర్చోవడం మా జిల్లాల్లో పెద్ద తప్పు. "అయ్యో, బీట్‌రూట్ ముట్టుకోలేదేంటి? మా పెరట్లోదండి, పొద్దున్నే పీకించాను" అన్నారు. డాక్టరమ్మగారి మాట చెవిలో మోగింది. తలెత్తి చూస్తే గుమ్మంలో పద్మజ నా వైపే చూస్తోంది. ఆ చూపు ముందు డాక్టరమ్మగారి గొంతు వినిపించడం మానేసింది. బీట్‌రూట్ నోట్లో వేసుకున్నాను.

"మా అమ్మాయి ఎమ్మెస్సీ పాసయ్యిందని చెప్పానాండి?"

గుటుక్కు. "చెప్పారండి."

"ఇంకో నాలుగు ముక్కలు వేస్తాను, మొహమాటపడకండి."

"చాలండి, చాలండి."

"వెయ్యండి బావగారూ, మావాడికి ఇవి ఏ మూలకి? మోపులు మోపులు తింటాడు" అన్నాడు మామయ్య. తన విస్తట్లోవి అలాగే ఉన్నాయి, రంగరాజు గారి చూపు అటు తిరగకుండా నన్ను బలిచ్చాడు. నాలుగు బీట్‌రూట్ ముక్కలు, వాటి పైన రెండు ముల్లంగి ముక్కలు.

ఎన్నో ముక్కో గుర్తులేదు. రొమ్ము ఎముక వెనకాల లారీ అడ్డం తిరిగినట్టు అన్నీ ఆగిపోయాయి. పైవి కిందికి దిగవు, కిందివి పైకి రావు. నోట్లో నీళ్ళూరుతున్నాయి, ఒళ్ళంతా చెమట. వెక్కిళ్ళు మొదలయ్యాయి. లేచి పెరట్లోకి పరిగెత్తుదామంటే, విస్తరి ముందు నుంచి మధ్యలో లేస్తే ఆ సంబంధం వద్దన్నట్టే. అందుకని కదలకుండా కూర్చుని నవ్వు మొహం పెట్టాను.

"అయ్యో, ఎక్కిళ్ళొచ్చాయి. మంచినీళ్ళు తాగండి బాబూ!"

తినేటప్పుడు నీళ్ళు తాగకూడదన్నది కూడా నాకు గుర్తుంది. కాబోయే మామగారు స్వయంగా గ్లాసు నోటికి అందిస్తుంటే ఏం చెయ్యను? తాగాను. ఆ నీళ్ళు ముక్కల పైన నిలబడ్డాయి. నేను కళ్ళు తేలేశాను.

"అమ్మా పద్మా, కారు తియ్యి! నరసాపురం ఆసుపత్రికి పోదాం" అని రంగరాజు గారు కేకపెట్టారు.

ఆయనకి చూపు సరిగ్గా ఆనక, కారు కూతురే నడుపుతుంది. తొలిసారి పద్మజ పక్క సీట్లో కూర్చుని ప్రయాణం. ఎన్ని కలలు కన్నానో! చేతిలో రుమాలు, నోట్లో వెక్కిళ్ళు, వెనక సీట్లో మామయ్య పక్కన కూర్చుని రంగరాజు గారు నా భుజం రుద్దుతున్నారు. రేవుకి చేరి కారు పంటెక్కించారు. పంటు నిండా జనం. చేపల బుట్టలు, సైకిళ్ళు, పెళ్ళికి పోయే ఒక గుంపు.

సరిగ్గా నడి గోదావరికి వచ్చాక ఇక నా వల్ల కాలేదు. కారు దిగి, పంటు అంచు పట్టుకుని వంగాను. అన్నీ బయటికి వచ్చేశాయి. ఎర్రగా, చిక్కగా, ధారగా.

"రక్తం!" అన్నారు రంగరాజు గారు. "రక్తం కక్కుతున్నాడు! పెళ్ళికావలసిన కుర్రాణ్ణి నా చేతుల్తో చంపేశాను బాబోయ్!"

జనమంతా మా చుట్టూ మూగారు. ఒకావిడ కుంకుమ తీసి నా నుదుట పెట్టింది. పంటు నడిపే సరంగు గాబరాగా హారన్ కొట్టాడు. రంగరాజు గారు తల బాదుకుంటూ ఇనప రేకుల మీద కూలబడ్డారు. ఆ పెద్దమనిషి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చినప్పటి నుంచీ ఆయన నన్ను సొంత కొడుకులా చూశారు, నేను ఆయనకి అబద్ధం చెప్పాను. సంబంధం పోతే పోయిందనుకున్నాను.

"ఏడవకండి. అది రక్తం కాదండి, మీ బీట్‌రూట్" అన్నాను.

"బీట్‌రూటా?"

"అవునండి. నేను పచ్చికూరలు తిని తగ్గలేదండి. పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నాను. పచ్చికూరలు తినడం మొదలుపెట్టి వారమే అయిందండి. అదీ డాక్టరు వద్దన్నవి కూడా తిన్నాను."

అందరూ మామయ్య వైపు చూశారు. మామయ్య గోదావరి వైపు చూశాడు.

రంగరాజు గారు మెల్లిగా లేచారు. కళ్ళు తుడుచుకున్నారు. "ఆపరేషన్ తప్పు కాదండి. అబద్ధం తప్పు. పైగా జన్మలో మా పద్ధతి తినలేని మనిషికి పిల్లనెలా ఇస్తాను? ఆసుపత్రిలో చూపించి, మిమ్మల్ని భీమవరం బస్సెక్కించి పంపించేస్తాను. ఈ సంబంధం ఇక్కడితో సరి" అన్నారు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇరవైమందిలో నవ్విన ఒకే ఒక్క అమ్మాయి. ఆమె వైపు చూసే మొహం కూడా లేక తల దించుకున్నాను.

"నాన్నగారూ" అంది పద్మజ. "నేను చేసుకుంటే ఈయన్నే చేసుకుంటాను."

"ఏంటమ్మా నువ్వనేది? అబద్ధమాడాడు కదా?"

"ఆడారు. మీరేడుస్తుంటే చూడలేక అడక్కుండానే నిజం కూడా చెప్పారు. నేను ఆరేళ్ళుగా మీతో చెప్పలేకపోయిన నిజం ఒకటుంది, ఇప్పుడు నేనూ చెప్పేస్తున్నాను. ఆ పచ్చికూరలు నా వల్ల కావట్లేదు నాన్నగారూ. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసుకుని తినాలనుంది. మీరేమో ఏ సంబంధం చూసినా ప్రకృతి ఆహారం తినేవాడే కావాలంటారు. పచ్చికూరలు కడుపునిండా తినొద్దని డాక్టరే చెప్పిన పెళ్ళికొడుకు నాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?"

 పంటు మీద పెళ్ళిగుంపు ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లో రంగరాజు గారు కూతురి వైపు తిరిగారు. "ఆరేళ్ళా అమ్మా?" అన్నారు, చాలా చిన్న గొంతుతో. పద్మజ తల ఊపింది. ఆయన జేబులోంచి రుమాలు తీసి, కూతురికి ఇవ్వబోయి, మళ్ళీ నా మూతి చూసి నాకిచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, హైదరాబాదు డాక్టరమ్మగారికి ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టారు. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. నెలరోజులు మళ్ళీ జావకి దించారు. గోరంత కీరా ముక్క దగ్గర మళ్ళీ మొదలుపెట్టి, ముప్ఫై సార్లు నమిలి, ఏ కూరకి ఆ కూర విడివిడిగా, ఏడాదికి మామూలు మనిషినయ్యాను. ఈలోగా పెళ్ళీ అయింది. పెళ్ళి భోజనాల్లో రంగరాజు గారు దగ్గరుండి ముద్దపప్పు వండించి, కూతురి విస్తట్లో తన చేత్తో నెయ్యి వేశారు.

ఇంత అప్రతిష్ఠ పాలయ్యాక మనిషన్నవాడు ఒక ఒట్టు పెట్టుకోవాలి కాబట్టి, నేనూ పెట్టుకున్నాను. నిండు గోదావరి సాక్షిగా, పంచభూతాల సాక్షిగా, ఆ రోజు పంటు మీద ఉన్న సమస్త ప్రజానీకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎంతటివారు పిలిచినా, ఎంతగా బతిమాలినా, నేను ఇంకో పెళ్ళిచూపులకి వెళ్ళను గాక వెళ్ళను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ఒట్టు తప్పలేదు. ఎంత గొప్ప నిగ్రహమో చూడమని మా ఆవిడతో అంటే, "తప్పి చూడండి" అంటోంది.